ఒక్క పొర సెమీకండక్టర్ కింద అద్దం: రొయ్యల గుంట ప్రోబ్ కోసం చేసిన డిటెక్టర్ కేస్ స్టడీ

నెల్లూరు జిల్లా ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలు పెట్టుకున్నవాళ్ళకు తెల్లారుజామున నిద్ర పట్టదు. పగలు నీళ్ళలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అదే నాచు, రొయ్యలు, అడుగున పేరుకున్న మడ్డి అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయి. పొద్దు పొడిచే ముందు డీవో, అంటే నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్, అట్టడుగుకు చేరుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి దిగితే టెన్షన్ మొదలు. ఇంకా పడితే రొయ్య మేత ముట్టదు, పైకి తేలుతుంది. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు ఆపి కరెంటు ఖర్చు తగ్గించుకోవాలో తెలియాలంటే రాత్రంతా నీళ్ళలో ఉండి డీవో కొలిచే నమ్మకమైన ప్రోబ్ కావాలి.

ఇప్పుడొచ్చే ఆప్టికల్ డీవో ప్రోబ్‌లో కొనన ఉన్న టోపీకి ఒక రంగు పూత ఉంటుంది. చాలావాటిలో అది ప్లాటినం పోర్ఫిరిన్ జాతి రంగు. దాని మీద నీలి వెలుతురో ఆకుపచ్చ వెలుతురో వేస్తే 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎర్రగా వెలుగుతుంది. ఆక్సిజన్ అణువు తగిలితే ఆ వెలుగు తొందరగా ఆరిపోతుంది. ఆక్సిజన్ లేనప్పుడు దాని ఆయుష్షు సుమారు 60 మైక్రోసెకన్లు, ఆక్సిజన్ పెరిగేకొద్దీ తగ్గుతూ వస్తుంది. వెలుగు ఎంత ఉందన్నది కాదు, ఎంత త్వరగా ఆరుతోందన్నదే కొలుస్తాం. పైన పాచి పట్టినా, పూత పాతబడినా వెలుగు తగ్గుతుంది గాని ఆయుష్షు అంతగా మారదు. అందుకని వేసే వెలుతురును సెకనుకు కొన్ని వేలసార్లు పెంచి తగ్గిస్తూ, తిరిగొచ్చే ఎర్ర వెలుగు దానికి ఎంత వెనకబడి ఉందో చూస్తారు. 3 కిలోహెర్ట్జ్ దగ్గర 60 మైక్రోసెకన్ల ఆయుష్షుకు వెనకబాటు 48 డిగ్రీలు, 20 మైక్రోసెకన్లకు 21 డిగ్రీలకు దగ్గర. ఈ తేడాను పట్టుకోగలిగేంత చురుకు, ఆ వెలుగును కరెంటుగా మార్చే డిటెక్టర్‌కు ఉండాలి. ఈ ఒక్క షరతు మా పనంతటినీ నడిపించింది.

మేము నెల్లూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాళ్ళం. మా ఆలోచన ఏమిటంటే, ప్రోబ్ గొట్టం చుట్టూ చుట్టుకునే పల్చని పట్టీ డిటెక్టర్ చేస్తే, టోపీ నుంచి అన్ని వైపులా చెదిరే ఎర్ర వెలుగును పోగుచెయ్యొచ్చు. వంగే పదార్థం కావాలి, 650 దగ్గర పనిచెయ్యాలి, 700 దాటిన పరారుణ వెలుతురు దానికి కనబడకపోతే ఇంకా మంచిది. మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే సెమీకండక్టర్ ఒక్క పొర ఈ మూడింటికీ సరిపోతుంది.

నెల్లూరు జిల్లావాళ్ళకు పొరల స్ఫటికం గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. సైదాపురం, గూడూరు పట్టీలో అభ్రకం దిమ్మను కత్తిమొనతో చీల్చి రేకులు తీసిన చేతులు ఇక్కడ ఇప్పటికీ ఉన్నాయి. మాలిబ్డినం డైసల్ఫైడ్ కూడా అలాగే పొరలుగా విడివడుతుంది. ఒక్క పొర మందం 0.65 నానోమీటర్లు. దానిలో ఎలక్ట్రాన్‌ను విడిపించి కరెంటుకు పనికొచ్చేలా చెయ్యడానికి కావాల్సిన కనీస శక్తిని బ్యాండ్ గ్యాప్ అంటారు. దిమ్మగా ఉన్నప్పుడు అది పరోక్షం, అంటే వెలుతురుకు స్ఫటికపు కదలిక సాయం కూడా కావాలి. ఒక్క పొరకు వచ్చేసరికి సుమారు 1.85 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ప్రత్యక్షంగా మారుతుందని 2010లో తేలింది. ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ (హోల్) జంటగా కట్టుబడి ఉండే ఎక్సైటాన్ వల్ల 655–660 నానోమీటర్ల దగ్గర పీల్చుకోవడం ఒక శిఖరంలా పైకి లేస్తుంది. మన రంగు పూత వెలిగేదీ ఆ పక్కనే.

ఇంత పొందిక ఉన్నా అసలు ఇబ్బంది మందం దగ్గరే వస్తుంది. ముప్పాతిక నానోమీటరు కూడా లేని పొర ఎంత వెలుతురు ఆపగలదు? గాలిలో ఏ ఆధారమూ లేకుండా వేలాడదీస్తే, ఆ శిఖరం దగ్గర 6 శాతానికి కాస్త అటూ ఇటూ. మిగతాదంతా దాటిపోతుంది. అంత పల్చని పదార్థానికి 6 శాతం నిజానికి చాలా గొప్ప సంగతి. కానీ గుంటలో వచ్చే ఎర్ర వెలుగే అంతంతమాత్రం, అందులో నూటికి తొంభైనాలుగు పాళ్ళు వదులుకోలేం.

డిటెక్టర్ గుణాన్ని అందరూ రెస్పాన్సివిటీతో చెబుతారు. ఒక వాట్ వెలుతురుకు ఎన్ని ఆంపియర్ల కరెంటు వచ్చిందన్న లెక్క అది. వచ్చిన ప్రతి ఫోటాన్‌కూ (వెలుతురు రేణువుకూ) ఒక్క ఎలక్ట్రాన్ చొప్పున దొరికితే 650 నానోమీటర్ల దగ్గర వాట్‌కు 0.52 ఆంపియర్లు వస్తుంది. గెయిన్ లేకుండా, అంటే ఒక్క ఫోటాన్‌కు ఒకటికి మించి ఎలక్ట్రాన్లు పారకుండా, దాన్ని దాటడం ప్రకృతిలో కుదరదు. అలాంటిది 2013లో ఒక్క పొర మాలిబ్డినం డైసల్ఫైడ్ డిటెక్టర్‌కు వాట్‌కు 880 ఆంపియర్లు వచ్చినట్టు స్విట్జర్లాండ్ లోజాన్‌లోని ఈపీఎఫ్ఎల్ విశ్వవిద్యాలయ బృందం ప్రకటించింది. అది తప్పు లెక్క కాదు. పొరలోనూ, దాని కింది ఆక్సైడ్‌లోనూ ఉండే ట్రాప్‌లలో ఒక రకం చార్జి చిక్కుకుపోతుంది. అది విడుదలయ్యేదాకా రెండో రకం చార్జి మళ్ళీ మళ్ళీ తిరుగుతూనే ఉంటుంది. ఒక్క ఫోటాన్‌కు వేల ఎలక్ట్రాన్ల కరెంటు వస్తుంది. దీన్నే ఫోటోగేటింగ్ అంటారు. దీనికి చెల్లించే మూల్యం కాలం. వెలుతురు ఆపేశాక కరెంటు దిగిరావడానికి సెకన్లు పడుతుంది. మసక వెలుతురులో నిలకడగా ఉన్న బొమ్మ తీయాలంటే అది వరమే. సెకనుకు 3000 సార్లు ఊగే వెలుతురు వెనకబాటును కొలవాలంటే మాత్రం ఆ వేల రెట్లలో ఒక్కటీ అక్కరకు రాదు.

కాబట్టి మాకు మిగిలింది ఒకటే దారి: పొర నిజంగా పీల్చుకునే ఫోటాన్ల సంఖ్య పెంచాలి. గెయిన్ వల్ల వచ్చిన పెరుగుదలను పీల్చుకోవడం ఖాతాలో వెయ్యకూడదు. ఈ రంగంలో వచ్చే రిపోర్టులు చదువుతుంటే ఈ రెండూ కలిసిపోవడం తరచుగా కనిపిస్తుంది. బంగారు నానోకణాలు చల్లారనుకోండి, ఫోటోకరెంట్ (వెలుతురు వల్ల వచ్చే కరెంటు) పెరుగుతుంది. కణాలు వెలుతురును పొర దగ్గరికి గుమిగూర్చినందువల్లా, లేక అవి కొత్త ట్రాప్‌లు తెచ్చిపెట్టినందువల్లా, అని విడదీయకుండానే శీర్షికలో "పీల్చుకోవడం ఇన్ని రెట్లు పెరిగింది" అని రాస్తారు. అదీగాక బంగారం తానే కొంత వెలుతురును మింగి వేడిగా మార్చేస్తుంది. అది మన ఖాతాలో పడదు. పైన క్వాంటమ్ డాట్‌లు అనే అతి చిన్న సెమీకండక్టర్ రేణువులు పూయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఈ దారులు మేము మొదట్లోనే పక్కన పెట్టాం.

మా విద్యార్థి ఒకతని వాళ్ళ నాన్నకు అల్లూరు దగ్గర గుంటలున్నాయి. అతను సూటిగా అడిగాడు: "ఒక్క పొరే ఎందుకు సార్? పది పొరలు పెడితే పోద్ది గదా?" మంచి ప్రశ్న. డిటెక్టర్‌కు ప్రత్యక్ష బ్యాండ్ గ్యాప్ తప్పనిసరి కాదు. ఎల్‌ఈడీకి అవసరం గాని, పీల్చుకునే పనికి మందపు పొర కూడా బాగానే ఉంటుంది. చిన్న తునక చాలనుకుంటే పది పొరలది వాడటంలో తప్పు లేదు. మాకు కావాల్సింది అంగుళాల కొద్దీ పట్టీ. ఆవిరి నుంచి పెంచే పద్ధతిలో పెద్ద విస్తీర్ణంలో ఒకే తీరుగా వచ్చేది ఒక్క పొర. అదీగాక చీకటి కరెంటు, అంటే వెలుతురు లేకపోయినా పారే కరెంటు, మందంతోపాటు పెరుగుతుంది. ఈ రెండు కారణాల వల్ల ఒక్క పొరకే కట్టుబడ్డాం.

వెలుతురు తరంగం. పొర ఉన్న చోట ఆ తరంగపు విద్యుత్ క్షేత్రం ఎంతుందో, దాని వర్గాన్ని బట్టి పొర పీల్చుకుంటుంది. ఇంత పల్చని పొర ఆ క్షేత్రాన్ని పెద్దగా మార్చలేదు. కింద ఏముందన్నదే నిర్ణయిస్తుంది. గాలిలో వేలాడే పొరకు క్షేత్రం విలువ 1 అనుకుందాం. గాజు మీద పెడితే క్షేత్రపు వర్గం 0.64కు పడిపోతుంది. నేరుగా సిలికాన్ మీద పెడితే 0.17. లోహపు అద్దం మీద నేరుగా అంటిస్తే దాదాపు సున్నా. అద్దం దగ్గర వచ్చే తరంగమూ తిరిగెళ్ళే తరంగమూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి మరి. అదే అద్దానికి తరంగంలో పావు వంతు ఎత్తున పొరను నిలబెడితే ఆ రెండూ కలిసొస్తాయి. క్షేత్రం రెట్టింపు, దాని వర్గం 4. రాడార్ వాళ్ళు రెండో ప్రపంచయుద్ధం నాటి నుంచి రాడార్ తరంగాలను మింగడానికి వాడుతున్న సాలిస్‌బరీ స్క్రీన్ సూత్రమే ఇది. మనం కనిపించే వెలుతురుకు కుదించుకుంటున్నాం.

ఈ రంగంలో అందరూ వాడే పొర కింది అమరిక 300 నానోమీటర్ల ఆక్సైడ్ ఉన్న సిలికాన్ వేఫర్ (పల్చని బిళ్ళ). మైక్రోస్కోప్ కింద పొర కంటికి బాగా కనబడుతుందని అది వాడుకలోకి వచ్చింది. 650 దగ్గర దాని మీద క్షేత్రపు వర్గం 1.24 వస్తుంది. ఆక్సైడ్‌ను 90కి తగ్గిస్తే 1.48. అంటే మామూలు వేఫర్ కూడా ఎంతోకొంత సాయం చేస్తూనే ఉంది. అందుకే "ఎన్ని రెట్లు" అని ఎవరైనా అంటే, దేనితో పోల్చి అని ముందు అడగాలి. పొర సొంత శక్తిని 6 శాతంగా తీసుకుంటే లెక్క ఇలా వస్తుంది: గాజు మీద 4 శాతం లోపు, 300 ఆక్సైడ్ మీద 7 శాతం, అద్దం పైన పావు తరంగం ఎత్తులో 21 శాతం. గాజుతో పోలిస్తే దాదాపు ఐదున్నర రెట్లు, వేఫర్‌తో పోలిస్తే 3 రెట్లు. మేము కఠినమైన పోలికనే, అంటే వేఫర్‌నే ఎంచుకున్నాం.

తయారీ నెల్లూరులో జరిగే పని కాదు. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ సాయంతో నడిచే ఐఎన్‌యూపీ పథకం కింద బెంగళూరు ఐఐఎస్‌సీ లాంటి చోట్ల ఉన్న క్లీన్‌రూమ్‌లు (దుమ్ము లేని తయారీ గదులు) మాలాంటి చిన్న కాలేజీలవాళ్ళకు కూడా తెరిచి ఉంటాయి. చిన్న ఊళ్ళ నుంచి ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలకు అధ్యాపకులు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

అద్దానికి వెండి ఎంచుకున్నాం. ఎరుపులో అది మింగేది చాలా తక్కువ. మధ్యన అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్), ఒక్కో అణుపొర చొప్పున పేర్చే ఏఎల్‌డీ పద్ధతిలో. ఒక్క సైకిల్‌కు సుమారు 0.1 నానోమీటర్లు పెరుగుతుంది కాబట్టి మందం మన చేతిలో ఉంటుంది, సూది బెజ్జాలూ రావు. వెండినే గేట్‌గా, అంటే పొరలోని చార్జిని అదుపు చేసే ఎలక్ట్రోడ్‌గా, కూడా వాడుకోవాలనుకున్నాం. లీకేజీ ఉంటే ఆ కరెంటు ఫోటోకరెంట్‌ను ముంచేస్తుంది, అందుకని బెజ్జాలు లేకపోవడం ముఖ్యం. వెండిని బాగా వేడి చేస్తే బొట్లు బొట్లుగా ముడుచుకుపోతుంది. ఏఎల్‌డీ ఉష్ణోగ్రతను 150 డిగ్రీలకు మించనివ్వలేదు. వెండి కింద అంటుకోవడానికి పల్చగా టైటానియం వేశాం.

పుస్తకంలో చెప్పిన పావు తరంగం దగ్గర జాగ్రత్తపడాలి. అల్యూమినా వక్రీభవన గుణకం 1.65 కాబట్టి 650ని 1.65తో, మళ్ళీ నాలుగుతో భాగిస్తే 98 నానోమీటర్లు వస్తుంది. ఆ లెక్క వెలుతురు సరిగ్గా లోహపు అంచు దగ్గరే వెనుదిరుగుతుందని అనుకుంటుంది. నిజంగా అయితే వెండిలోకి కొంత దూరం చొచ్చుకుపోయి తిరిగొస్తుంది. ఆ చొరబాటును కలిపి లెక్కిస్తే 23 నానోమీటర్లు తగ్గించాలి, అసలు మందం 75. ఇది వదిలేసి 98 వేస్తే పీల్చుకోవడంలో పావు వంతుకు పైగా పోతుంది. దానికి భిన్నంగా, 75 చుట్టూ 10 నానోమీటర్లు అటూ ఇటూ అయితే పోయేది 6 శాతమే. అంటే ఈ అమరిక చిన్న తేడాలను క్షమిస్తుంది, లోహాన్ని మర్చిపోతే క్షమించదు. మాది టోపీ నుంచి అన్ని కోణాల్లోనూ వచ్చే వెలుగు. ఏటవాలుగా వచ్చే కిరణానికి కాస్త ఎక్కువ మందం కావాలి. అందుకని 80 దగ్గర ఆపాం.

పొరను సుమారు 750 డిగ్రీల దగ్గర పెంచుతారు కాబట్టి వెండి అద్దం మీద నేరుగా పెంచడం కుదరదు. నీలమణి మీద పెంచినదాన్ని ఊడదీసి ఇటు చేర్చాలి. పొర పైన పాలీస్టైరీన్ పూసి, అంచున చిన్న గీత పెట్టి, ఆ గీత దగ్గర ఒక్క నీటిచుక్క ఉంచాం. నీలమణికి నీళ్ళంటే ఇష్టం, ఈ పొరకు అయిష్టం. చుక్క ఆ సందులోకి మెల్లగా పాకుతూ పోతుంది. ఒక మూల లేస్తుంది, తర్వాత మొత్తం రేకు అలికిడి లేకుండా నీటి మీదికి వచ్చేస్తుంది. దాన్ని అద్దం ముక్కతో కింది నుంచి ఎత్తి, ఏటవాలుగా ఆరబెట్టి, ఆపైన నెమ్మదిగా వేడి చెయ్యాలి. తొందరపడి ముందే వేడి చేస్తే కింద చిక్కిన నీరు బుడగలవుతుంది. బుడగ ఉన్న చోట పొర ఎత్తు మారిపోతుంది, మన పావు తరంగం అక్కడ చెడుతుంది. క్షారంతో ఊడదీసే పాత పద్ధతి ఇక్కడ వద్దనే నా సలహా. అల్యూమినాను క్షారం తినేస్తుంది.

ఇక కొలత. అద్దం పైన ఉన్న డిటెక్టర్‌తో ఒక గొప్ప సౌలభ్యం ఉంది. వెండి మందంగా ఉంటే వెలుతురు వెనక్కి దాటిపోదు. పొర ఉన్న చోట ఎంత తిరిగొచ్చిందో, పక్కనే పొర లేని చోట ఎంత తిరిగొచ్చిందో చూస్తే చాలు, తగ్గినదంతా పొర పీల్చుకున్నదే. మైక్రోస్కోప్, స్పెక్ట్రోమీటర్ ఉన్న ఏ ల్యాబ్‌లోనైనా ఇది చెయ్యొచ్చు. 660 దగ్గర లోయ కళ్ళకు కట్టినట్టు కనిపించింది, దాని లోతు లెక్కకు దగ్గరగా వచ్చింది. రామన్ సంకేతం (స్ఫటికపు కంపనాల వల్ల రంగు మారి చెదిరే వెలుతురు), పొర తానే వెలిగే ఫోటోలూమినెసెన్స్ కూడా అద్దం మీద బాగా పెరుగుతాయి. వాటిని పీల్చుకోవడానికి రుజువుగా చూపించడం సరికాదు. బయటికి వచ్చే వెలుతురును కూడా అదే అద్దం పెంచుతుంది కాబట్టి అక్కడ రెండు లాభాలు కలిసిపోతాయి. రామన్‌ను మేము వాడింది రెండు శిఖరాల మధ్య దూరం చూసి అది ఒక్క పొరేనని నిర్ధారించుకోవడానికి మాత్రమే.

కరెంటు కొలతలో అసలు విషయం బయటపడింది. ఎర్ర ఎల్‌ఈడీని నిలకడగా వెలిగించి చూస్తే, అద్దం డిటెక్టర్ మామూలు వేఫర్ మీది డిటెక్టర్ కంటే పదింతలకు పైగా ఇచ్చింది. పిల్లలు సంబరపడ్డారు. పీల్చుకోవడం 3 రెట్లే పెరగాల్సిన చోట అన్ని రెట్లు ఎక్కడి నుంచి వస్తాయి? వెలుతురు బలాన్ని మార్చుతూ చూశాం. కరెంటు దానికి అనులోమంగా పెరగకుండా మధ్యలోనే మందగించింది. ట్రాప్‌లు నిండిపోతున్నాయనడానికి అదే గుర్తు. అల్యూమినా, పొర కలిసే చోట ఆ ట్రాప్‌లు ఉన్నాయి. అప్పుడు ఎల్‌ఈడీని 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఊపి, లాక్-ఇన్ యాంప్లిఫయర్‌తో ఆ వేగం దగ్గరి కరెంటును మాత్రమే తీశాం. అక్కడ మిగిలింది మూడింతలకు కాస్త తక్కువ. వెలుతురుతో అది సరళరేఖలో పెరిగింది. నా దృష్టిలో ఈ డిటెక్టర్ గురించి చెప్పుకోదగ్గ ఫలితం ఆ చిన్న అంకే. పదింతలు అని రాసుకుంటే పేరు బాగానే వస్తుంది గాని గుంట దగ్గర రైతుకు ఆ ప్రోబ్ ఏమీ చెప్పలేదు.

తర్వాత నీళ్ళలో ముంచాలి కాబట్టి పైన సిలికోన్ రబ్బరు పోసి మూసేశాం. ఇది చిన్న పని అనిపిస్తుంది, కానీ లెక్క మారుతుంది. పొర పైన గాలి ఉన్నప్పుడు 21 శాతం అన్నది, 1.41 గుణకం ఉన్న రబ్బరు పైనుంటే 16 శాతానికి దగ్గరవుతుంది. అదే రబ్బరు మామూలు వేఫర్ మీద పోస్తే అక్కడ పెద్ద మార్పు ఉండదు, 7 శాతం కాస్తా 6.7 అవుతుంది. అంటే 3 రెట్ల లాభం దాదాపు 2.4 రెట్లకు దిగుతుంది. లాక్-ఇన్ కొలత కూడా రెండుకూ రెండున్నరకూ మధ్యే నిలిచింది. ప్రచురించే ఫలితాల్లో చాలావరకు పైన గాలే ఉంటుంది. నీళ్ళలోనో చర్మం మీదో వాడే పరికరం చేసేవాళ్ళు పైపూతను మొదటి రోజు నుంచే లెక్కలో కలుపుకోవాలి.

ఆ అల్లూరు అబ్బాయి వాళ్ళ నాన్న ఒకసారి ల్యాబ్‌కు వచ్చి అంతా చూసి, "ఇదంతా సరే సార్, ఇప్పుడు మేం కొనుక్కునే మీటర్ కంటే ఇది మంచిదా?" అన్నారు. ఇంకా కాదన్నా అని చెప్పాను. మామూలు సిలికాన్ ఫోటోడయోడ్ 650 దగ్గర వాట్‌కు 0.4 ఆంపియర్ల వరకు ఇస్తుంది, చవక, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. పీల్చిన ప్రతి ఫోటాన్ కరెంటుగా మారినా మా డిటెక్టర్ గరిష్ఠం 0.08. గుంటలో ఈ రోజు దించాల్సింది సిలికాన్ ప్రోబే. మా పట్టీకి చోటు దొరికేది గొట్టం చుట్టూ వంగి, విస్తీర్ణంతో ఆ లోటు పూడ్చినప్పుడే. దానికోసం ఇప్పుడు ఇదే అమరికను పాలీఇమైడ్ రేకు మీదికి మారుస్తున్నాం. ఏఎల్‌డీని 150 డిగ్రీల దగ్గరే ఉంచాం కాబట్టి ఆ రేకు తట్టుకుంటుంది. రేకును వంచితే వెండి మీది అల్యూమినా పగులుతుందా అన్నది తేల్చుకోవాలి.

పీల్చుకోవడాన్ని 16 శాతం దాటించడానికి పొర పైన కూడా పల్చని విద్యుద్బంధక పొరల జత వేసి, వెలుతురు కింది అద్దానికీ పై జతకూ మధ్య కొన్నిసార్లు తిరిగేలా చెయ్యొచ్చు. అలా చేస్తే పనిచేసే రంగుల పట్టీ ఇరుకవుతుంది. మన రంగు పూత వెలిగే పట్టీ కూడా ఇరుకే కాబట్టి అది నష్టం కాదు. ఇబ్బంది కోణాలతో. ఇరుకైన అమరిక ఏటవాలు కిరణాలను వదిలేస్తుంది, మా ప్రోబ్‌లో సగానికి పైగా వెలుగు ఏటవాలుగానే వస్తుంది. అందుకని ఒక్క జతకు మించి వెయ్యకూడదని అనుకుంటున్నాం. ఆ ఒక్క జత మందాలను నిటారు కిరణానికి కాకుండా 40 డిగ్రీల కిరణానికి సరిచేసి, క్లీన్‌రూమ్‌లో తర్వాతి విడతకు దరఖాస్తు పెట్టాం.